అమ్మానాన్నల 25వ పెళ్లిరోజుకి ఎక్కడికి పంపాలి? ఊరి పేరు ఆఖర్న తేలాలి!

ఈరోజు టాపిక్ చాలా ఇళ్లల్లో ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. అమ్మానాన్నల పెళ్లై 25 ఏళ్లో, 30 ఏళ్లో, 40 ఏళ్లో నిండుతున్నాయి. మనకి ఇప్పుడిప్పుడే ఉద్యోగం వచ్చింది, చేతిలో నాలుగు రూపాయలున్నాయి. "ఈసారి కేక్ కోసి ఊరుకోకూడదు, ఇద్దర్నీ ఎక్కడికైనా పంపాలి" అని అనిపిస్తుంది. వెంటనే ఏం చేస్తాం? ఫోన్ తీసి రీల్స్ చూస్తాం. మంచు కొండలు, నీలం సముద్రం, హౌస్‌బోట్. పది నిమిషాల్లో ఒక ఊరు ఫిక్స్ అయిపోతుంది.

నేను చెప్పేది దీనికి రివర్స్‌లో ఉంటుంది. "ఎక్కడికి" అన్నది మొదటి ప్రశ్న కాదు, ఆఖరి ప్రశ్న. దానికంటే ముందు అయిదు విషయాలు తేలాలి: వాళ్ల మనసులో ఏముంది, ఏ నెలలో వెళ్లగలరు, ఒంట్లో ఎంత ఓపిక ఉంది, ఎంత ఖర్చు పెట్టగలం, కాగితాలు సరిగ్గా ఉన్నాయా. ఈ అయిదూ తేలితే ఊరి పేరు దానంతట అదే బయటికి వస్తుంది. ఇవి తేల్చకుండా టికెట్లు తీస్తే, అది మన ఫొటోల కోసం వాళ్లు చేసిన ట్రిప్ అవుతుంది.

ఉదాహరణకి మా ఇంటి సంగతే తీసుకుంటాను. మాది ఖమ్మం దగ్గర. నాన్నకి ఎరువులు, విత్తనాల షాపు ఉంది. అమ్మ ఇల్లు చూసుకుంటూనే షాపు లెక్కలు కూడా రాస్తుంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, తమ్ముడు ఈమధ్యే జాబ్‌లో చేరాడు. వాళ్ల 25వ పెళ్లిరోజు మే నెలలో. పాతికేళ్లలో వాళ్లిద్దరే కలిసి ఒక ఊరు వెళ్లింది లేదు. వెళ్తే మాతో వెళ్లారు, లేదా చుట్టాల పెళ్లికి వెళ్లారు, లేదా బస్సు మాట్లాడుకుని పదిమందితో తీర్థయాత్రకి వెళ్లారు. మీలో చాలామంది ఇళ్లల్లో కూడా ఇంతే అయ్యుంటుంది, ఒకసారి గుర్తు చేసుకోండి.

మొదటి విషయం: అడగడం ఎలా?

"అమ్మా, ఎక్కడికి వెళ్తారు?" అని అడిగితే వచ్చే జవాబు మనందరికీ తెలుసు. "మీ ఇష్టం బిడ్డా, మాకెందుకు ఇప్పుడు ఇవన్నీ." నాన్నని అడిగితే "ఆ డబ్బులు దాచుకోండి" అంటారు. ఇది వద్దనడం కాదండీ. ఇన్నేళ్లలో తమకేం కావాలో చెప్పే అలవాటు వాళ్లకి పోయింది, అంతే. అందుకే ప్రశ్న మార్చాలి.

నేను ముగ్గురు నలుగురు ఫ్రెండ్స్‌కి చెప్పి చూసిన ప్రశ్నలు ఇవి. ఒకటి, "పెళ్లైన కొత్తలో ఎక్కడికైనా వెళ్లాలనుకుని వెళ్లలేకపోయారా?" రెండు, "మీరు చూడని, మీ అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు చూసొచ్చి చెప్పిన చోటు ఏదైనా ఉందా?" మూడు, "ఎక్కడికి మాత్రం అస్సలు వెళ్లాలని లేదు?" ఈ మూడో ప్రశ్నకి అందరూ టకటకా జవాబు చెప్తారు, చూడండి.

ఇంకో ముఖ్యమైన విషయం. ఇద్దర్నీ విడివిడిగా అడగాలి. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే ఒకరు చెప్పిందానికి ఇంకొకరు తలూపేస్తారు. మా అమ్మని వంటింట్లో అడిగితే చాలాసేపటికి చెప్పింది: పెళ్లైన ఏడాది వైజాగ్ వెళ్దామనుకున్నారట, సముద్రం చూద్దామని. అప్పుడే షాపు పెట్టారు, తర్వాత నేను పుట్టాను, మరి కుదర్లేదు. నాన్నని షాపులో అడిగితే ఆయన ఊరి పేరే చెప్పలేదు. "ఎక్కడైనా సరే, పొద్దున్నే లేపి పరిగెత్తించొద్దు. కిటికీ పక్కన కూర్చుని చూస్తూ పోవాలి" అన్నారు. చూడండి, ఒకరు చోటు చెప్పారు, ఇంకొకరు ఎలా ఉండాలో చెప్పారు. రెండూ ఉపయోగపడే సమాధానాలే.

తమ్ముడికి సర్‌ప్రైజ్ ఇవ్వాలని ఉండేది. టికెట్లు చేతిలో పెట్టి వీడియో తీద్దాం అన్నాడు. నాకు అది నచ్చలేదు. ఇరవై ఏళ్ల వయసులో సర్‌ప్రైజ్ బాగుంటుంది. షాపు తాళాలు ఎవరికివ్వాలి, బర్రె పాలు ఎవరు పితకాలి, ముసలి నానమ్మకి మందులు ఎవరిస్తారు అని ఆలోచించుకోవాల్సినవాళ్లకి అది సంతోషం కంటే ముందు కంగారు ఇస్తుంది. పైగా, ట్రిప్‌కి నెల ముందు నుంచి దాని గురించి మాట్లాడుకోవడం, చీరలు తీసి చూసుకోవడం, ఇరుగుపొరుగుకి చెప్పుకోవడం, ఇవి కూడా ట్రిప్‌లో భాగమే. సర్‌ప్రైజ్ పేరుతో ఆ నెల రోజుల సంబరాన్ని మనం తీసేసుకుంటున్నాం.

రెండో విషయం: క్యాలెండర్

ఇది చాలామంది పట్టించుకోరు. మన పెళ్లిళ్లు ఎక్కువగా ముహూర్తాలున్న నెలల్లోనే జరుగుతాయి: మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, మార్గశిరం. అంటే పెళ్లిరోజులు కూడా ఆ సీజన్లలోనే వస్తాయి. మీ అమ్మానాన్నల పెళ్లి ఏ నెలలో జరిగిందో చెప్తే ఆ టైమ్‌కి ఏ ఊరు పనికిరాదో దాదాపు చెప్పేయొచ్చు.

మాఘమాసం పెళ్లిళ్లు, అంటే జనవరి చివర, ఫిబ్రవరి. కేరళ, అండమాన్, రాజస్థాన్, హంపీ అన్నీ బాగుంటాయి. ఒక్క జాగ్రత్త: డిసెంబర్, జనవరిలో ఢిల్లీ, ఆగ్రా, కాశీ వైపు పొగమంచు పట్టి రైళ్లు, విమానాలు గంటల కొద్దీ లేట్ అవుతుంటాయి. ఫిబ్రవరి సగం దాటాక అటు వెళ్తే నయం.

వైశాఖం, జ్యేష్ఠం అంటే మే, జూన్. హంపీలో ఆ ఎండకి రాళ్లు కాలిపోతుంటాయి, వద్దు. అందరూ ఊటీ అంటారు. కానీ స్కూళ్ల సెలవులు కాబట్టి దేశంలో సగం మంది అక్కడే ఉంటారు. 2024 మే 7 నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కి వాహనాల్లో వెళ్లేవాళ్లు ముందే ఆన్‌లైన్‌లో ఈ-పాస్ తీసుకోవాలని మద్రాస్ హైకోర్టు ఆదేశంతో రూల్ పెట్టారు. కారులో వెళ్దామనుకుంటే ముందు అది చూసుకోండి. ఇక జూన్ మొదటి వారానికల్లా కేరళలో నైరుతి రుతుపవనాల వానలు మొదలవుతాయి.

శ్రావణం అంటే ఆగస్టు. వానలు. అరకు, మున్నార్ పచ్చగా, అద్భుతంగా ఉంటాయి కానీ ఘాట్ రోడ్ల మీద కొండచరియలు పడే టైమ్ కూడా అదే. కార్తీకం, మార్గశిరం అంటే నవంబర్, డిసెంబర్. దాదాపు ఎక్కడికైనా వెళ్లొచ్చు, కాకపోతే డిసెంబర్ 20 దాటితే రూమ్ రేట్లు కొండెక్కి కూర్చుంటాయి.

ఇంకొన్ని చిన్న చిన్న చిక్కులు ఉంటాయి. "పెళ్లిరోజు కదా, తాజ్‌మహల్ దగ్గర ఫొటో" అని ఆగ్రా ప్లాన్ చేస్తారు. తాజ్‌మహల్‌కి శుక్రవారం సెలవు. పెళ్లిరోజు శుక్రవారం పడితే గేటు బయటే నిలబడాలి. అలాగే సింహాచలంలో అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కరోజే, వైశాఖ శుద్ధ తదియ నాడు, అదే అక్షయ తృతీయ. ఆరోజు కోసమే వెళ్తే సరే. తెలియకుండా ఆ రోజుల్లో వెళ్తే ఆ జనంలో చిక్కుకుపోతారు.

మరి పెళ్లిరోజు నాడే వెళ్లాలా? నా అభిప్రాయం చెప్తాను: అక్కర్లేదు. మన పెద్దవాళ్లకి అసలు రెండు పెళ్లిరోజులు ఉంటాయి కదా, ఒకటి ఇంగ్లిష్ తేదీ, ఇంకొకటి తిథి. తిథి ఏటా సుమారు 11 రోజులు ముందుకొచ్చేస్తుంది, అధిక మాసం వచ్చినప్పుడు మళ్లీ వెనక్కి వెళ్తుంది. దాదాపు 19 ఏళ్లకోసారి తప్ప రెండూ ఒకే చోట కలవవు. అంటే 25వ ఏట కూడా తేదీ వేరు, తిథి వేరు. రెండు రోజులున్నప్పుడు మూడో రోజు ఎందుకు ఉండకూడదు? పెళ్లిరోజు నాడు ఇంట్లో పూజ, పప్పు, పాయసం, చుట్టాలు. ట్రిప్ మాత్రం వాతావరణం, ఖాళీ, ధరలు మూడూ బాగున్న వారంలో పెట్టుకోండి.

మాకైతే ఇది తప్పనిసరి అయ్యింది. నాన్నకి జూన్ నుంచి సీజన్. పత్తి, మిర్చి విత్తనాల కోసం రైతులు వచ్చే టైమ్‌లో షాపు మూస్తే ఆ ఏడాది వ్యాపారం పోతుంది. మే నెలలో సరుకు తెచ్చి పెట్టుకోవాలి. ఆయనకి కాస్త ఊపిరాడేది మార్చిలోనే. కాబట్టి పెళ్లిరోజుకి రెండు నెలల ముందే ట్రిప్ పెట్టాం. మీ నాన్నగారు రైతైనా, టీచరైనా, ఆటో నడిపేవారైనా, ఆయన పని క్యాలెండర్ ముందు పెట్టుకుని చూడండి. మన ఆఫీస్ లాంగ్ వీకెండ్ చూసి వాళ్ల ట్రిప్ పెట్టకండి.

మూడో విషయం: ఫొటో కంటే ముందు మెట్లు లెక్కపెట్టండి

అమ్మకి ఇప్పుడు 46. మోకాళ్ల నొప్పులు మొదలై రెండేళ్లు. "ఇంకో అయిదేళ్ల తర్వాత వెళ్దాంలే" అని మేము కూడా అనుకోవచ్చు. కానీ అయిదేళ్ల తర్వాత డబ్బు పెరుగుతుందేమో గానీ మోకాళ్లు బాగుపడతాయని గ్యారంటీ లేదు కదా. ఈ ట్రిప్ ఇప్పుడే పెట్టాలని నేను పట్టుబట్టింది అందుకే.

ఏ చోటికైనా మూడు అంకెలు చూడండి. ఎన్ని మెట్లు, ఎంత ఎత్తు, రోజుకి ఎన్ని గంటలు కారులో.

మెట్లు అంటే: అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. మొక్కు ఉంటే, ఓపిక ఉంటే ఎక్కుతారు. కానీ "25వ పెళ్లిరోజు స్పెషల్" అని మనం ఎక్కించకూడదు. బొర్రా గుహలు చూడ్డానికి అద్భుతంగా ఉంటాయి, కానీ లోపలికి దిగడానికి, పైకి రావడానికి మెట్లు చాలా ఉంటాయి. కేదార్‌నాథ్‌కి గౌరీకుండ్ నుంచి నడక దారి దాదాపు 16 కిలోమీటర్లు.

ఎత్తు అంటే: లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాల్లో ఆక్సిజన్ తక్కువ అందుతుంది. విమానంలో నేరుగా దిగినవాళ్లు మొదటి రెండు రోజులు విశ్రాంతిగా ఉండాలని చెప్తారు. తలనొప్పి, వాంతులు, ఆయాసం వస్తే తేలిగ్గా తీసుకోకూడదు. గుల్‌మార్గ్ గొండోలా రెండో స్టేజ్ అయితే దాదాపు 3,900 మీటర్ల పైకి తీసుకెళ్తుంది. బీపీ, గుండె సమస్య, ఆయాసం ఉన్నవాళ్లని ఇలాంటి చోట్లకి పంపేముందు వాళ్లు రెగ్యులర్‌గా చూపించుకునే డాక్టర్‌ని అడగండి. రీల్ తీసినవాళ్లు ఆ సంగతి చెప్పరు. మన మున్నార్ అయితే దాదాపు 1,600 మీటర్లు, అరకు సుమారు 900 మీటర్లు. ఎత్తు గురించి భయపడే పని లేదు.

కారు గంటలు అంటే: ప్యాకేజీల్లో "5 రోజులు, 9 ప్రదేశాలు" అని ఉంటుంది. దాన్ని చూసి మురిసిపోకండి. ఒక్కో చోటి నుంచి ఇంకో చోటికి ఎన్ని గంటలో మ్యాప్‌లో కొట్టి కూడండి. రోజుకి నాలుగు గంటలు దాటితే అది పెళ్లిరోజు ట్రిప్ కాదు, డ్యూటీ. నాలుగు రాత్రులకి రెండు చోట్లు చాలు.

రూమ్ విషయంలో కూడా సిగ్గుపడకుండా ఫోన్ చేసి అడగండి. లిఫ్ట్ ఉందా, లేకపోతే కింద అంతస్తులో రూమ్ ఇస్తారా, బాత్రూమ్‌లో కమోడ్ ఉందా, పొద్దున్నే వేడినీళ్లు వస్తాయా, పక్కన మన భోజనం దొరుకుతుందా. మోకాళ్ల నొప్పులున్న మనిషికి సముద్రం కనిపించే బాల్కనీ కంటే కమోడ్ ముఖ్యం. ఇది నవ్వే విషయం కాదండీ, నిజం.

నాలుగో విషయం: డబ్బు

మా ఇంట్లో అసలు గొడవ ఇక్కడే వచ్చింది. తమ్ముడు బాలి అన్నాడు, క్రెడిట్ కార్డు ఈఎంఐలో పెడదాం అన్నాడు. నాన్న ఒకే మాట అన్నారు: "షాపు మీద అప్పు ఉంది. ఆ డబ్బు ఇస్తే అప్పులో కొంత తీరుతుంది కదా." ఈ మాటకి ఏం చెప్తాం? ఆయన అన్నది తప్పు కాదు.

రెండు రోజులు ఆలోచించి నేను ఇలా చెప్పాను. "నాన్నా, అప్పు కోసం నేనూ తమ్ముడూ ప్రతి నెలా ఇచ్చేది ఇస్తూనే ఉంటాం, అది ఆగదు. ఇది దాన్లోంచి తీసింది కాదు. మేమిద్దరం ఆరు నెలలు కొంత కొంత పక్కన పెట్టింది. మొత్తం 40 వేలు. ఒక్క రూపాయి అప్పు లేదు, దాటి ఒక్క రూపాయి పెట్టం." లెక్క కాగితం మీద రాసి చూపించాక ఆయన ఒప్పుకున్నారు. పెద్దవాళ్లకి ఖర్చు అంటే భయం కాదు, లెక్క లేని ఖర్చంటే భయం.

అందుకే నా సలహా: ముందు ఊరు అనుకుని తర్వాత డబ్బు వెతుక్కోకండి. ముందు మొత్తం ఎంతో రాయండి. అందులో ఆరో వంతు పక్కన పెట్టేయండి, అది అనుకోని ఖర్చులకి, మందులకి, టికెట్ మారిస్తే కట్టాల్సిన దానికి. మిగిలిందాన్ని ప్రయాణం, రూమ్, కారు, భోజనం అని నాలుగు భాగాలు చేయండి. ఆ లెక్కలో పట్టే ఊరే మీ ఊరు. పెళ్లిరోజు కోసం తీసుకున్న ఈఎంఐ తర్వాతి పెళ్లిరోజు దాకా వెంటాడుతుంటే, ఆ సంగతి తెలిసిన తల్లిదండ్రులు ఆ ట్రిప్‌ని సంతోషంగా తల్చుకోలేరు.

ఇంకో చిన్న విషయం. వాళ్ల చేతిలో కొంత క్యాష్ పెట్టండి. అన్నీ మనమే ఆన్‌లైన్‌లో కట్టేస్తే, ఒక కొబ్బరిబోండం తాగాలన్నా "పిల్లల డబ్బు" అని ఆగిపోతారు. "ఇది మీ ఖర్చుకి, లెక్క చెప్పక్కర్లేదు" అని ఇవ్వండి.

అయిదో విషయం: కాగితాలు, టికెట్లు

ఇది మనలాంటి ఫోన్ పట్టుకున్న పిల్లలు చేసిపెట్టగలిగిన అసలైన పని. ముందు అమ్మ ఆధార్ తీసి పేరు చూడండి. చాలామంది అమ్మల కార్డుల్లో ఒకదాంట్లో పుట్టింటి ఇంటిపేరు, ఇంకోదాంట్లో అత్తింటి ఇంటిపేరు ఉంటుంది. విమానం టికెట్ మీద పేరు, ఎయిర్‌పోర్ట్‌లో చూపించే గుర్తింపు కార్డు మీద పేరు ఒకటే ఉండాలి. ఏ కార్డు పట్టుకెళ్తారో ముందే తేల్చి, అందులో ఉన్నట్టే టికెట్ తీయండి. విదేశం అనుకుంటే పాస్‌పోర్ట్ గడువు ఇంకా కనీసం ఆరు నెలలు ఉందో లేదో చూడండి, చాలా దేశాలు అది అడుగుతాయి.

రైలు టికెట్లు ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవాళ్లు. 2024 నవంబర్ 1 నుంచి అది 60 రోజులకి తగ్గింది. కాబట్టి ప్రయాణం తేదీ నుంచి 60 రోజులు వెనక్కి లెక్కపెట్టి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. లోయర్ బెర్త్ కోటా అని ఒకటుంది. మగవాళ్లకి 60 ఏళ్లు, ఆడవాళ్లకి 45 ఏళ్లు నిండి ఉండాలి, ఒక టికెట్ మీద ఒక్కరు లేదా ఇద్దరే ఉండాలి, ఇద్దరికీ ఆ వయసు సరిపోవాలి. మా అమ్మకి వయసు సరిపోయింది, నాన్నకి ఇంకా 52. కాబట్టి ఇద్దరికీ కలిపి ఆ కోటా కుదరదు. అందుకే రాత్రి రైలు మానేసి, కూర్చుని వెళ్లే పగటి రైలు తీసుకున్నాం. నాన్న అడిగిన కిటికీ సీటు కూడా దాంతో తీరిపోయింది.

మరి గుడి సంగతి?

మన ఇళ్లల్లో ఏ ట్రిప్ అయినా మూడో రోజుకి తీర్థయాత్ర అయిపోతుంది. "ఎలాగూ అటు వెళ్తున్నాం కదా" అని అయిదు గుళ్లు చేరిపోతాయి. గుడి వద్దని నేను అనను. కొంతమందికి పెళ్లిరోజు అంటే గుడే. తిరుమలలో శ్రీవారి కల్యాణోత్సవం సేవ ఉంది, వెయ్యి రూపాయల టికెట్ మీద ఇద్దరు కూర్చోవచ్చు. దంపతులు పక్కపక్కన కూర్చుని స్వామివారి పెళ్లి చూడటం కంటే పెద్ద పెళ్లిరోజు వేడుక ఏముంది అనే వాళ్లు ఎంతోమంది. అయితే ఆ టికెట్లు టీటీడీ నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంది, చూస్తుండగానే అయిపోతాయి. కాబట్టి అది కావాలంటే ముందు టికెట్ దొరకాలి, ఆ తర్వాతే మిగతా ప్లాన్.

నేను చెప్పేది ఒక్కటే. ఒక దర్శనం ప్రశాంతంగా పెట్టండి. అయిదు గుళ్ల క్యూలు పెడితే ఆయన ముందు, ఈవిడ వెనక నడుస్తూనే నాలుగు రోజులు గడిచిపోతాయి. పక్కపక్కన కూర్చునే టైమ్ ఉండదు.

మనం కూడా వెళ్లాలా?

దీనికి ఒకే జవాబు లేదు. ఒకరికి ఆరోగ్యం బాగాలేకపోయినా, ఇద్దరికీ ప్రయాణం అలవాటు లేకపోయినా తోడు ఉండాలి. కానీ మనం పక్కన ఉంటే అమ్మ మళ్లీ అమ్మే అవుతుంది. "తిన్నావా, నీళ్లు తాగావా" అని మన వెనకే ఉంటుంది. వాళ్లిద్దరే ఉంటే తప్ప ఒకరి గురించి ఒకరికి గుర్తురాదు. మధ్యస్థంగా ఒక పద్ధతి ఉంది. స్టేషన్ దాకా దింపండి, అక్కడ నమ్మకమైన డ్రైవర్‌ని మాట్లాడిపెట్టండి, రోజుకి ఒక్కసారి, రాత్రి పూట ఫోన్ చేయండి. గంటకోసారి "ఎక్కడున్నారు, ఫొటో పెట్టండి" అని అడక్కండి. రూమ్ అడ్రస్, డ్రైవర్ నంబర్, రైలు వివరాలు, రోజూ వేసుకునే మందుల పేర్లు ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసి ఇవ్వండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా ఆ కాగితం ఉంటుంది.

చివరికి మాకు ఏ ఊరు తేలింది?

ఇప్పుడు అన్నీ కలిపి చూడండి. అమ్మకి సముద్రం. నాన్నకి కిటికీ. మార్చి నెల. మోకాళ్లు. 40 వేలు. పగటి రైలు. ఊరి పేరు నేను చెప్పక్కర్లేదు, మీకే తెలిసిపోయుంటుంది. విశాఖపట్నంలో రెండు రాత్రులు, అరకులో ఒక రాత్రి, మళ్లీ విశాఖలో ఒక రాత్రి.

వైజాగ్ నుంచి అరకు వెళ్లే రైలు దారి కొత్తవలస, కిరండుల్ లైన్. వైజాగ్ నుంచి అరకు దాకా 50కి పైగా సొరంగాలు దాటుతుంది. ఆ రైలుకి 2017 నుంచి అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ బోగీ తగిలించారు. దారిలో శిమిలిగూడ అనే స్టేషన్ వస్తుంది, 996 మీటర్ల ఎత్తు, ఒకప్పుడు బ్రాడ్‌గేజ్‌లో ఇదే ఎత్తైన స్టేషన్‌గా పేరు. నాన్న సొరంగాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో లెక్క తప్పారట. అమ్మ బొర్రా గుహల్లోకి దిగలేదు. మేము ముందే అనుకున్నాం, దిగొద్దని. దాని బదులు అరకులో కాఫీ మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్ చూశారు. వైజాగ్‌లో సింహాచలం ఒక్కటే గుడి, వారం మధ్యలో, పొద్దున్నే.

మొదటి రోజు రాత్రి ఫోన్ చేస్తే అమ్మ చెప్పింది: "సాయంత్రం నుంచి ఇసకలోనే కూర్చున్నాం. మీ నాన్న ఎప్పుడూ చెప్పని సంగతులు చెప్తున్నాడు, షాపు పెట్టిన కొత్తలో ఎంత భయపడ్డాడో. నాకు తెలీనే తెలీదు." పాతికేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఒకే లెక్కల పుస్తకం రాసుకున్న మనుషులు. తీరుబడిగా కూర్చునే రోజు లేక ఆ మాట ఇన్నాళ్లు బయటికి రాలేదు.

దీన్నిబట్టి అందరూ వైజాగే వెళ్లమని కాదు. మీ అమ్మ మంచు చూడాలి అంటే మనాలీ తేలుతుంది. మీ నాన్న కాశీ అంటే కాశీనే తేలుతుంది. పెళ్లై 50 ఏళ్లైన తాతయ్య, నానమ్మలకైతే గంటన్నర దూరంలో ఉన్న చెరువుగట్టు, ఆ పక్క ఊళ్లో వాళ్ల పాత స్నేహితుల ఇల్లు కూడా తేలొచ్చు. అది చిన్న ట్రిప్ ఏం కాదు.

ఈరోజు ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "పెళ్లైన కొత్తలో ఎక్కడికి వెళ్లాలనుకున్నారు?" వెంటనే జవాబు రాకపోవచ్చు. తొందరపెట్టకండి, రెండు రోజుల తర్వాత వాళ్లే చెప్తారు. ఆ జవాబు ఒక కాగితం మీద రాసుకుని, దాని కింద నెల, మోకాళ్లు, డబ్బు, కాగితాలు వరుసగా రాయండి. టికెట్ల యాప్ ఆ తర్వాత తెరవండి.